సర్వరు చేయి అందని చోట: మెయిళ్ల నకలు గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: తెనాలిలో ఇరవై ఏళ్లుగా చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాను. రచయితల ఉత్తరాలు, ప్రూఫులు, పేజీలు కూర్చే పేజ్‌మేకరు ఫైళ్లు అన్నీ మెయిలులోనే వస్తాయి. ఆఫీసు కంప్యూటరులో థండర్‌బర్డ్ అనే మెయిలు ప్రోగ్రాము, ఊళ్లో లేనప్పుడు బ్రౌజరులో జీమెయిల్ వాడతాను. "అన్నీ గూగుల్ దగ్గర భద్రంగానే ఉన్నాయి కదా, ఇంకా ఆ ప్రోగ్రాము ఎందుకు నాన్నా" అని మా అబ్బాయి అంటున్నాడు. అది నిజమేనా? ఈ మధ్య మెయిళ్లన్నీ 64 జీబీ పెన్‌డ్రైవులోకి కాపీ చేయబోతే, అందులో సగానికి పైగా ఖాళీ ఉన్నా, ఫైలు మరీ పెద్దదని చెప్పి మధ్యలోనే ఆగిపోయింది. కారణం ఏమిటి?
— ఒక ప్రచురణకర్త, తెనాలి

జవాబు: ముందు పెన్‌డ్రైవు సంగతి చెబుతాను. థండర్‌బర్డ్ మామూలుగా ఒక్కొక్క మెయిలునూ విడి ఫైలుగా దాచదు. ఒక ఫోల్డరులోని మెయిళ్లన్నిటినీ ఒకదాని కింద ఒకటి చేర్చి, ఒకే పొడవాటి ఫైలుగా ఉంచుతుంది. ఈ పద్ధతిని ఎంబాక్స్ అంటారు. థండర్‌బర్డ్ మీ మెయిళ్లను, సెట్టింగులను దాచే ప్రొఫైల్ ఫోల్డరు తెరిచి లోపలికి వెళ్లి చూస్తే 'ఇన్‌బాక్స్' అనే పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కన కనిపిస్తాయి. పేరు చివర ఏ తోకా లేనిది మీ ఉత్తరాల కట్ట. 'ఎంఎస్ఎఫ్' అనే తోక ఉన్నది ఆ కట్టకు విషయసూచిక. సూచిక పోయినా థండర్‌బర్డ్ మళ్లీ తయారు చేసుకుంటుంది కాని, కట్ట పోతే, గూగుల్ దగ్గర ప్రతి లేకుంటే, దాన్ని తిరిగి పుట్టించే దారి లేదు. ఇన్నేళ్ల ప్రూఫులు చేరి మీ కట్ట 4 జీబీ దాటి ఉంటుంది. బజారులో కొనే పెన్‌డ్రైవులు చాలా వరకు ఫ్యాట్32 అనే పాత అమరికతో వస్తాయి. 1996లో విండోస్ 95 కాలంలో వచ్చిన ఆ అమరికలో, డ్రైవులో ఎంత ఖాళీ ఉన్నా, ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి చేరడానికి వీల్లేదు. పెన్‌డ్రైవులో ఉన్నవాటిని మరోచోట దాచుకుని, దాన్ని ఎక్స్‌ఫ్యాట్ అమరికలో ఫార్మాట్ చేయండి. కాపీ సాఫీగా సాగుతుంది. ఫార్మాట్ చేస్తే అందులోనివన్నీ తుడిచిపెట్టుకుపోతాయి కనుక, ముందు దాచుకోవడం మరిచిపోకండి.

ఇక మీ అబ్బాయి మాటలో నిజం లేకపోలేదు. మీ కంప్యూటరు హార్డ్ డిస్కు రేపు పనిచేయడం మానేసినా, బ్రౌజరు తెరిస్తే ఉత్తరాలు ఉంటాయి. వెతకడంలో కూడా, ముఖ్యంగా పదేళ్ల నాటి మెయిలు కోసం, జీమెయిల్ థండర్‌బర్డ్ కన్నా త్వరగా దొరికిస్తుంది. రోజువారీ పనికి బ్రౌజరు చాలునంటే నేను ఒప్పుకుంటాను. కాని గూగుల్ దగ్గర ఉండడం, మీ దగ్గర ఉండడం ఒకటి కావు. ఫోను నంబరు మారి, రెండో దశ ధృవీకరణకు కోడ్ రాక, ఖాతా తెరుచుకోని రోజు ఒకటి వస్తే, లోపల ఎంత భద్రంగా ఉన్నా అది మీకు తాళం దొరకని బీరువాతో సమానం. ఉచిత ఖాతాలో మెయిలు, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి ఇచ్చేది 15 జీబీ. అది నిండితే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుంది. రచయిత పంపిన ప్రూఫు మీకు చేరనే లేదని ఆయన ఫోను చేసి చెబితే తప్ప మీకు తెలియకపోవచ్చు.

అయితే, ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు కనుక ఈ మాట నొక్కి చెప్పాలనుకుంటున్నాను: థండర్‌బర్డ్ ఉన్నంత మాత్రాన మీకు నకలు ఉన్నట్టు కాదు. మీ ఖాతా ఐమ్యాప్ పద్ధతిలో ఉంటే, మీ కంప్యూటరులో కనిపించేది సర్వరులో, అంటే గూగుల్ కంప్యూటర్లలో, ఉన్నదానికి ప్రతిబింబం. అక్కడ చెరిపితే ఇక్కడా చెరిగిపోతుంది, ఇక్కడ చెరిపితే అక్కడా పోతుంది. ఈ సంగతి నాకు తెలిసిన తీరు చెబుతాను. చాలా ఏళ్ల కిందట నా పాత లాప్‌టాప్‌ను మా బంధువుల అబ్బాయికి ఇస్తూ, సొంత ఉత్తరాలు అందులో ఉండకూడదని, మెయిలు ప్రోగ్రాములోని ఫోల్డర్లన్నీ ఒకటొకటిగా ఖాళీ చేసి, చెత్తబుట్ట కూడా తుడిచేశాను. సాయంత్రం ఆఫీసు కంప్యూటరు తెరిచేసరికి, నేను చూస్తుండగానే ఇన్‌బాక్సులోని అంకె తగ్గుకుంటూ వచ్చి సున్నా దగ్గర ఆగింది. మా నాన్నగారు రాసిన ఉత్తరాలు అందులో ఉండేవి. ఖాతాను ప్రోగ్రాములోంచి తొలగించి ఉంటే సరిపోయేది, ఉత్తరాలను తొలగించాను.

కాబట్టి నకలు అనేది సర్వరు చేయి అందని చోట ఉండాలి. పెద్ద సంస్థలు కూడా ఈ సూత్రం మీదే నిలబడ్డాయి. 2011 ఫిబ్రవరి చివరలో ఒక సాఫ్ట్‌వేరు మార్పులో దొర్లిన తప్పు వల్ల కొందరు జీమెయిల్ వాడుకరుల పెట్టెలు ఖాళీగా కనిపించాయి. గూగుల్ లెక్క ప్రకారం వారు మొత్తం వాడుకరులలో 0.02 శాతం. ఆ సంస్థ ప్రతి మెయిలునూ అనేక డేటా కేంద్రాలలో దాస్తుంది. కాని ఆ తప్పు వల్ల ఆ ప్రతులలో కొన్ని కూడా పోయాయి. చివరికి ఆ ఉత్తరాలు తిరిగి దొరికింది మాగ్నెటిక్ టేపుల మీద. టేపు దేనికీ తగిలించకుండా విడిగా ఉంది కనుక తప్పు దాన్ని తాకలేదు. మీ బీరువాలో ఉండే హార్డ్ డిస్కు మీకు ఆ టేపు లాంటిది.

మీరు చేయవలసిన పని ఇది. థండర్‌బర్డ్‌ను ఉంచుకోండి. అకౌంట్ సెట్టింగ్స్‌లో 'సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్' అన్న చోట, మెయిళ్లను ఈ కంప్యూటరులో ఉంచాలనే గడిలో టిక్కు ఉందో లేదో చూడండి. అది లేకపోతే మీ దగ్గర శీర్షికలు మాత్రమే ఉండి, ఉత్తరాలు ఉండకపోవచ్చు. జీమెయిల్ లేబుళ్లు ఇక్కడ ఫోల్డర్లుగా వస్తాయి కనుక ఒకే ఉత్తరం ఇన్‌బాక్సులోనూ 'ఆల్ మెయిల్'లోనూ చేరి, డిస్కులో రెండింతల చోటు పట్టవచ్చు, కంగారు పడనక్కరలేదు. అన్నీ దిగాక, ఏడాదికో ఫోల్డరు చొప్పున 'లోకల్ ఫోల్డర్స్' కింద తెరిచి, పాత సంవత్సరాల మెయిళ్లను అందులోకి కాపీ చేయండి. కాపీయే చేయండి, జరపవద్దు. మధ్యలో కరెంటు పోతే జరుపుతున్నవి ఏ గట్టునా లేకుండా పోయే ప్రమాదం ఉంది. లోకల్ ఫోల్డర్లలోకి వచ్చిన ఉత్తరాల మీద సర్వరుకు అధికారం లేదు. ఏడాదికో కట్ట అయినందువల్ల ఫైళ్లు కూడా చిన్నవవుతాయి.

ఆ తరువాత థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసివేసి, ప్రొఫైల్ ఫోల్డరును మొత్తంగా బయటి హార్డ్ డిస్కులోకి తీయండి. హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ పేజీలో 'ఓపెన్ ఫోల్డర్' నొక్కితే ఆ చోటు తెరుచుకుంటుంది. ప్రోగ్రాము తెరిచి ఉండగా కాపీ చేస్తే సగం రాసిన ఫైలు రావచ్చు. దాచిన పాస్‌వర్డులు కూడా ఆ ఫోల్డరులోనే ఉంటాయి కనుక ఆ డిస్కును ఎవరికిపడితే వారికి ఇవ్వకండి. నెలకొకసారి ఈ పని చేస్తే మీ వంటి సంస్థకు చాలు. రెండు డిస్కులు మార్చి మార్చి వాడి, ఒకటి ఆఫీసులో, రెండోది ఇంట్లో ఉంచితే మరీ మంచిది. 'కంపాక్ట్' అనే ఆజ్ఞ చెరిపిన మెయిళ్లను కట్టలోంచి నిజంగా తీసివేసి చోటు మిగులుస్తుంది; దాన్ని ఈ నకలు తీశాకే వాడండి. మీ యాంటీవైరస్ గురించి కూడా ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక్క మెయిలులో వైరస్ కనిపిస్తే, కొన్ని యాంటీవైరస్‌లు ఇన్‌బాక్స్ కట్టనంతటినీ వైరస్ ఫైలుగా భావించి తీసుకుపోయి వేరే పెడతాయి. ప్రొఫైల్ ఫోల్డరును వాటి తనిఖీ నుంచి మినహాయించండి.

నకలు తీసినవారిలో ఎక్కువమంది దాన్ని ఎన్నడూ తెరిచి చూడరు. మీరు అలా చేయకండి. మరో కంప్యూటరులో థండర్‌బర్డ్ వేసి, దాన్ని మూసి, మీ కట్టల్లో ఒకదాన్ని అక్కడి లోకల్ ఫోల్డర్లు ఉండే చోట పెట్టి తెరవండి. అదే పేరుతో ఫోల్డరు కనిపించాలి. అందులో ఏదో ఒక పాత ఉత్తరం, దాని అటాచ్‌మెంటు తెరుచుకుంటే మీ నకలు పనికొచ్చేదని నమ్మవచ్చు.

మీరు తెలుగు పుస్తకాలు వేసేవారు కనుక ఒక మాట అదనంగా చెప్పాలి. పేజ్‌మేకరుకు 2001 నాటి 7.0 తరువాత మరో ప్రధాన వెర్షను రాలేదు. అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో కూర్చిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని రోమన్ గుర్తుల వరుస కనిపిస్తుంది. మీ మెయిళ్లు భద్రంగా ఉండి ఫాంట్లు పోతే పుస్తకాలు పోయినట్టే. అందువల్ల అదే డిస్కులో ఆ ఫాంట్లను, ప్రతి పుస్తకానికీ ఒక పీడీఎఫ్ ప్రతిని ఉంచండి. అన్ని కంప్యూటర్లలోనూ తెలుగుగానే కనిపించే యూనికోడ్ పద్ధతిలో లేని తెలుగును తెలుగులో టైపు చేసి వెతికితే దొరకదు కూడా. ఇకపై వచ్చే ఫైళ్లకైనా, మెయిలు శీర్షికలో పుస్తకం పేరు యూనికోడ్ తెలుగులో రాయమని రచయితలను అడగండి.

ప్రశ్న: విండోస్ 10తో వచ్చిన మెయిల్ యాప్‌నే ఇన్నాళ్లూ వాడాను. అది మెయిళ్లు పంపడం, తీసుకోవడం మానేసి కొత్త అవుట్‌లుక్‌కు మారమంటోంది. పాత మెయిళ్లు పోయినట్టేనా? మరో పాత కంప్యూటరులోని మెయిలు ప్రోగ్రాము పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా మళ్లీ మళ్లీ అడుగుతోంది.
— విశ్రాంత అధ్యాపకురాలు, వరంగల్లు

జవాబు: అమ్మా, ఆ మెయిల్ యాప్‌కు మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబరు 31తో మద్దతు ఆపివేసింది. మీ ఖాతా జీమెయిల్ వంటిదైతే మెయిళ్లు సర్వరులోనే ఉంటాయి. బ్రౌజరులో తెరిచి చూసుకుంటే మనసు కుదుటపడుతుంది. అవి అక్కడ కనిపించేదాకా ఆ యాప్‌ను మాత్రం తొలగించకండి.

కొత్త అవుట్‌లుక్ విషయంలో నా అభిప్రాయం దాచను. అది కంప్యూటరులో ఉన్నట్టు కనిపించినా, స్వభావంలో వెబ్‌మెయిలుకే దగ్గర. జీమెయిల్ వంటి బయటి ఖాతాను అందులో చేరిస్తే, మీ మెయిళ్ల ప్రతి ఒకటి మైక్రోసాఫ్ట్ సర్వర్లలోకి కూడా వెళుతుంది. మీ ఉత్తరాలు మీ ఇంట్లో ఉండాలన్నది మీ కోరిక అయితే, థండర్‌బర్డ్ మీకు సరిపోతుంది, అది ఉచితం కూడా. డబ్బు పెట్టి కొన్న పాత తరహా అవుట్‌లుక్ మీ దగ్గర ఉంటే అదీ మంచిదే. కాని అందులో మెయిళ్లను విడిగా తీసి దాచుకునే పీఎస్టీ ఫైలునే నకలుగా నమ్మండి. సర్వరులోని మెయిళ్లకు ప్రతిబింబంగా ఉండే ఓఎస్టీ ఫైలు ఆ ఖాతాకు, ఆ కంప్యూటరుకు కట్టుబడి ఉంటుంది కనుక, దాన్ని మరోచోటికి తీసుకువెళ్లి మామూలుగా తెరవలేరు.

ఆ పాత కంప్యూటరులోనిది జీమెయిల్ ఖాతా అయితే, పాస్‌వర్డు పదే పదే అడగడం మీ తప్పు కాదు. కేవలం పేరు, పాస్‌వర్డులతో లోపలికి వచ్చే ప్రోగ్రాములను వ్యక్తిగత ఖాతాలలోకి రానివ్వడం గూగుల్ 2022 మే 30 నుంచి మానేసింది. ప్రోగ్రాము కొత్తదైతే సెట్టింగులలో ధృవీకరణ పద్ధతిని, గూగుల్ పేజీలోనే లాగిన్ అయ్యే ఓఆథ్2కు మార్చండి. ఆ వీలు లేనంత పాతదైతే, రెండు దశల ధృవీకరణ పెట్టుకుని, గూగుల్ ఖాతాలో పదహారు అక్షరాల యాప్ పాస్‌వర్డు ఒకటి తీసుకుని, అసలు పాస్‌వర్డు బదులు దాన్ని ఇవ్వండి.

ప్రశ్న: నేను ఎడిసన్‌లో ఉంటాను. కాకినాడలో ఉన్న మా నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు వారం వారం మెయిలు రాసేవారు, ఇప్పుడు వాట్సాప్ తప్ప ఏదీ తెరవడం లేదు. ఆయన ఖాతాలోని ఉత్తరాలు నిలుపుకోవడం ఎలా?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఈ పని ఆలస్యం చేయకండి. రెండేళ్లపాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని మెయిళ్లతో సహా, గూగుల్ తొలగించవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఈ నియమం అమలులో ఉంది. ఫోను గూగుల్ ఖాతాతోనే నడుస్తోందని ధీమా పడవద్దు. చాలామంది పెద్దల ఫోనులో పిల్లలు వేసిన వేరే ఖాతా ఉంటుంది.

వీడియో కాల్‌లో నాన్నగారిని కూర్చోబెట్టుకుని, ఆయన చేతనే ఖాతా తెరిపించండి. ఖాతాలోని సమాచారాన్ని నకలుగా ఇచ్చే గూగుల్ టేక్ఔట్ అనే చోట అన్నిటికీ టిక్కు తీసేసి, మెయిల్ ఒక్కదానికే టిక్కు పెట్టి నకలు కోరితే, కొన్ని గంటలకో ఒకటి రెండు రోజులకో ఆయనకు మెయిలులో లింకు వస్తుంది. అది వారం రోజులే పనిచేస్తుంది కనుక వెంటనే దించుకోండి. దిగేది పైన చెప్పిన ఎంబాక్స్ కట్టే. ఫైలు పేరు చివరి తోక తీసివేసి, థండర్‌బర్డ్ లోకల్ ఫోల్డర్లలో పెడితే ఉత్తరాలు తేదీలవారీగా చదువుకోవచ్చు. ఆయన మీకు రాసినవి మీ సొంత ఖాతాలోనూ ఉంటాయి. ఆయన ఖాతాలో విడిగా దొరికేవి మిగతా బంధువులకు, స్నేహితులకు రాసినవి.

అదే కాల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే ఏర్పాటు కూడా చేయించండి. ఖాతా ఎన్నాళ్లు కదలకపోతే ఎవరికి తెలియజేయాలో, ఏయే విషయాలు వారికి అందించాలో ఆయనే ముందుగా రాసి ఉంచవచ్చు. గడువు మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా ఎంచుకోవచ్చు, పదిమంది వరకు పేర్లు ఇవ్వవచ్చు. ఇదంతా ఆయన ఇష్టంతో, ఆయన చేతుల మీదుగా జరగాలి. తరువాత ఖాతాలోని రికవరీ ఫోను నంబరు ఇప్పుడు ఆయన వాడుతున్నదేనా అని ఒకసారి సరిచూడండి. సిమ్ మార్చినప్పుడు ఆ గడిలో పాత నంబరే మిగిలిపోవడం తరచుగా చూస్తున్నాను.