టెక్ సందేహాలు: సిమ్యులేటర్‌లో ముసురు ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్‌లో విశాఖ నుంచి ఒడిశాలోని మా జైపూర్‌కి విమానం నడుపుతుంటాను. ఆకాశానికి ఎంత బూడిద రంగు పెట్టినా వానాకాలంలా అనిపించదు. విజిబిలిటీ తగ్గిస్తే కొండల ముందు తెల్లగోడ కట్టినట్టుంది. లైవ్ వెదర్ పెడితే కొరాపుట్ ఊరే మబ్బులో మునిగిపోతోంది. ఏం చేయాలి సార్?
– డిగ్రీ విద్యార్థి, జైపూర్

జవాబు: ముందు రంగు సంగతి వదిలేసి నీడలు చూడండి. ఆషాఢంలో మా రాయగడలో ముసురు పట్టిన రోజు తీగ మీద ఆరేసిన లుంగీకి కింద నీడే ఉండదు. (లుంగీ ఆరదు కూడా, అది వేరే టెన్షన్.) వెలుతురు ఒక్క సూర్యుడి నుంచి కాకుండా ఆకాశమంతటి నుంచీ దిగుతుంది. మీ విమానం రెక్క కింద కత్తితో గీసినట్టు నీడ పడుతుంటే పైన ఎంత బూడిద పూసినా కన్ను నమ్మదు.

ఆ బూడిద కూడా అంతటా ఒకేలా ఉండకూడదు. పూర్తిగా మబ్బు కమ్మినప్పుడు నడినెత్తిన ఉండే వెలుగు, దిగంతం దగ్గరి వెలుగుకి సుమారు మూడు రెట్లు. 1942లో మూన్, స్పెన్సర్ అనే పరిశోధకులు ఇచ్చిన లెక్క ఇది. ఎండ రోజు దాదాపు తలకిందులు: దిగంతమే తెల్లగా ఉంటుంది.

ఇక తెల్లగోడ. విజిబిలిటీ 6 కిలోమీటర్లు అంటే అంతదాకా అన్నీ శుభ్రంగా కనిపించి అక్కడ తెర పడిపోవడం కాదు. కొండ మొదటి కిలోమీటరు నుంచే వెలిసిపోతూ వస్తుంది. 3 కిలోమీటర్ల దూరాన దాని స్పష్టత నూటికి 22 వంతులు, 6 దగ్గర 5 వంతులు మిగిలితే సహజంగా ఉంటుంది. పొగమంచు రంగు దాని వెనకాల ఆకాశం రంగులో కలిసిపోవాలి కూడా, లేదంటే కొండ అట్టముక్కలా కనిపిస్తుంది. రెండరింగ్ మెనూలో 'అట్మాస్ఫెరిక్ లైట్ స్కాటరింగ్' టిక్ చేయండి, ఈ పనులు చాలావరకు అదే చూసుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు మొరాయిస్తే చెట్లు తగ్గించండి గానీ దీన్ని తీసేయకండి. చైత్రంలో పోడు కాల్చిన పొగ కావాలంటే మబ్బులు తీసేసి విజిబిలిటీ మాత్రం తగ్గించండి. అలాంటి పొగ సూర్యుడి వైపు చూస్తే ఎక్కువ మెరుస్తుంది, వెనక్కి తిరిగితే మసకగా ఉంటుంది.

కొరాపుట్ మునగడం ఎత్తుల తేడా వల్ల. లైవ్ వెదర్ వాడుకునే మెటార్‌లో (విమానాశ్రయం ఇచ్చే వాతావరణ నివేదిక) మబ్బు ఎత్తుని ఆ విమానాశ్రయం నేల నుంచి కొలుస్తారు. విశాఖ సముద్రమట్టానికి దగ్గర్లో ఉంది, కొరాపుట్ సుమారు 2,900 అడుగుల మీద ఉంది. విశాఖ మెటార్‌లో 'ఓవీసీ 025' అంటే అక్కడ 2,500 అడుగుల మీద నిండు మబ్బు. అదే పొరని పీఠభూమి మీదికి లాగితే కొరాపుట్ దాని పైనో లోపలో ఉండిపోతుంది. వెదర్ విండోలో 'మాన్యువల్ ఇన్‌పుట్' ఎంచుకుని 025ని 070 (అంటే 7,000 అడుగులు) చేయండి. కొరాపుట్ జిల్లాలోని దేవమాలి శిఖరం 5,500 అడుగుల లోపే కాబట్టి దాని మీదుగా కూడా మబ్బు కిందనే వెళ్లొచ్చు.

ప్రశ్న: 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 ఆడొచ్చా?
– పర్లాకిమిడి

జవాబు: వద్దండీ. ర్యామ్ కనీస స్థాయిలో సరిపోయినా, జీటీఎక్స్ 770 స్థాయి కార్డు, 150 జీబీ ఖాళీ కూడా అడుగుతుంది. ఫ్లైట్‌గేర్ ఉచితమే, సెట్టింగ్‌లు తగ్గించి అది ప్రయత్నించండి.