పూల్ చుట్టూ గచ్చు వాలింది: పైన పూత చాలా, పగలగొట్టాలా?

ప్రశ్న: టెక్సాస్‌లోని ప్లానోలో పాత ఇల్లు కొన్నాం. 1984లో కట్టింది, పెరట్లో కాంక్రీటు స్విమ్మింగ్ పూల్ ఉంది. చుట్టూ గచ్చు రెండు చోట్ల బీటలు వారింది, ఒక పక్క పూల్ వైపు వాలిపోయింది. వాన పడితే బురదనీళ్లన్నీ అందులోకే. ఒక కాంట్రాక్టర్ పైన పలచగా పూత వేస్తే చాలన్నాడు, ఇంకొకాయన మొత్తం తీసెయ్యాల్సిందే అంటున్నాడు. పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోటు కదా, టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: పూత వద్దండి. సన్నటి బీటలు మాత్రమే అయితే ఆలోచించవచ్చు గానీ, గచ్చు వాలిందంటే కింద మట్టే కదిలింది. మీ దగ్గరుండే నల్లమట్టి మన నల్లరేగడి లాంటిదే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దానికి తోడు పూల్ కట్టిన రోజుల్లో గోడ వెనక పూడ్చిన మట్టికి దిమ్మిస సరిగా పడకపోతే, అది ఏళ్ల తరబడి కుంగుతూ వచ్చి గచ్చు కింద గుల్ల పడుతుంది. పైన ఎంత ఖరీదైన పూత వేసినా గుల్ల గుల్లే, పాత బీట మళ్లీ పైకి తేలుతుంది.

ముందు నీళ్లు కారుతున్నాయేమో చూసుకోండి. బకెట్‌లో పూల్ నీళ్లే నింపి, నీళ్లలో ఉన్న పూల్ మెట్టు మీద పెట్టండి, బకెట్ లోపలి మట్టం, బయట పూల్ మట్టం గీత గీసి, మోటారు ఆపి ఒక రోజు వదిలెయ్యండి. ఆవిరి రెండింటికీ ఒకటే కాబట్టి, పూల్‌లో మట్టం ఎక్కువ దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పనికోసమని పూల్ ఖాళీ చెయ్యనివ్వకండి, భూమిలో నీరు ఎక్కువగా ఉంటే ఖాళీ తొట్టి పైకి లేచిపోయే ప్రమాదం ఉంది.

గచ్చు తీశాక, కొత్తది పోసేలోపు పైపులకు ప్రెషర్ టెస్ట్ చేయించండి. నలభై ఏళ్ల పైపులు బయటపడేది అప్పుడే, పోసేశాక లీకు తెలిస్తే మళ్లీ పగలగొట్టాలి.

అన్నిటికన్నా నాకు దిగులు కరెంటు గురించి. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ (కరెంటు పనుల భద్రతా నియమాలు) 680వ ఆర్టికల్ ప్రకారం పూల్ గోడ నుంచి మూడడుగుల దాకా ఉన్న గచ్చును, పంపును, నిచ్చెన లాంటి లోహపు భాగాలను రాగితీగతో కలపాలి, తడికాళ్లకు షాక్ కొట్టకుండా ఉండేది దానివల్లే. పాత ఇళ్లలో ఆ తీగ ఉండకపోవచ్చు, ఉన్నా తుప్పు పట్టి తెగిపోయి ఉండొచ్చు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత వేయించి, సిటీ ఇన్‌స్పెక్టర్ చూసి వెళ్లేదాకా ఒక్క తట్ట కాంక్రీటు కూడా పొయ్యనివ్వకండి. ఇక్కడ మాత్రం మొహమాటపడకండి, పిల్లలున్న ఇల్లు.

మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించి, చువ్వలు కట్టి, నాలుగంగుళాల మందం పోయించండి. వాటం పూల్‌కి అవతలి వైపుకే ఉండాలి, అడుగుకి పావంగుళం చొప్పున, అలాగని ఆ నీళ్లు ఇంటి పునాది వైపు పోకూడదు. పూల్ అంచు రాయికీ గచ్చుకీ మధ్య సందు తప్పనిసరి. చాలామంది అందం కోసం దాన్ని సిమెంటుతో పూడ్చేస్తారు, మట్టి ఉబ్బినప్పుడు గచ్చు వచ్చి అంచుని నెట్టి టైల్సు ఊడగొడుతుంది. ఆ సందులో సాగే సీలెంటే నింపాలి, అదీ కాంక్రీటు బాగా ఆరాకే. పైన నున్నగా కాకుండా చీపురు గీతల ఫినిష్ అడగండి, తడిలో పిల్లల కాలు జారదు.