విదేశీ ఫ్రెండ్ కారు లేకుండా వరంగల్, రామప్ప తిరగగలడా?

మీ జర్మనీ ఫ్రెండ్ ఒక్కడే బస్సులు, ఆటోల మీద వరంగల్ కోట, రామప్ప చూసి రాగలడా అని అడిగారు కదా. చూడగలడు, కాకపోతే పోవుడు ఈజీ, వచ్చుడే కష్టం. మా ఆఫీసు నుంచి ఒక డచ్ అమ్మాయి వచ్చినప్పుడు నేనే హన్మకొండ నుంచి తిప్పాను, తర్వాత తను ఒక్కతే కూడా తిరిగింది, ఆ ఎక్స్‌పీరియన్స్‌తో చెప్తున్నా.

ఊళ్ళో అయితే పెద్ద ఇబ్బంది లేదు. కాజీపేట నుంచి ఎన్‌ఐటీ, హన్మకొండ చౌరస్తా, ఎంజీఎం ఆసుపత్రి మీదుగా వరంగల్ స్టేషన్ దాకా షేరింగ్ ఆటోలు నడుస్తనే ఉంటయి, చెయ్యెత్తితే ఆపుతరు. ముగ్గురు ఇరుక్కుని కూర్చున్నా ఇంకొకరికి "జర జరుగుండ్రి" అంటడు. విదేశీ మనిషి రోడ్డు పక్కన కనపడితే చాలు ఖాళీ ఆటో వచ్చి ఆగుద్ది, అది ఎక్కితే షేరింగ్ కాదు, స్పెషల్ కింద లెక్క. అందుకే జనం ఉన్న ఆటోనే ఎక్కమనండి, పక్కోళ్ళు ఎంత ఇస్తే అంతే ఇవ్వమనండి. కోట స్టేషన్‌కి అవతల, శివనగర్ వైపు, అక్కడికి వేరే ఆటో మాట్లాడుకోవాలి.

రామప్పకి హన్మకొండ బస్టాండ్‌లో ఏటూరునాగారం బస్సు ఎక్కి ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగి, అక్కడి నుంచి గుడికి ఆటోలో పోవాలి. బోర్డు చదవడం రాకపోతే ఎంక్వైరీలో అడగాలి, లేదా కండక్టర్‌కి "రామప్ప" అని చెప్తే చాలు, దిగాల్సిన చోట ఆయనే లేపి మరీ దింపుతడు. సీటు సంగతే వేరు. బస్సు ప్లాట్‌ఫాం మీదికి వస్తుండగానే కిటికీల్లోంచి కర్చీఫులు, సంచులు పడిపోతయి. మా డచ్ అమ్మాయి ఖాళీ సీట్లో కర్చీఫ్ చూసి ఎవరో మర్చిపోయారనుకుని తీసి కండక్టర్ చేతికిచ్చింది, కర్చీఫ్ ఓనర్ ఎక్కాక చూడాలి ఆ పంచాయితీ! 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకి ఫ్రీ కదా, రష్ మామూలుగా ఉండదు. అది తెలంగాణ వాళ్ళకే, తను టికెట్ తీసుకుంటుంటే పక్కన పెద్దమ్మ "ఆధార్ లేదా బిడ్డా" అని తెగ బాధపడింది.

ఇంకోటి, చిల్లర. పెద్ద నోటిస్తే కండక్టర్ మిగతా డబ్బులు ఇవ్వకుండా టికెట్ వెనక ఏదో అంకె రాసి ముందుకు పోతడు. అది మనకు రావాల్సిన బాకీ అని, దిగే ముందు అడిగి తీసుకోవాలని వాళ్ళకి ఎవరు చెప్పాలి? తను ఆ టికెట్‌ని జాగ్రత్తగా డైరీలో పెట్టేసుకుంది, నేను చూసి చెప్పాను కాబట్టి సరిపోయింది. పది, ఇరవై నోట్లు దగ్గర పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇక వచ్చుడు. రామప్పకి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, గుడి బయట ఎప్పుడూ ఆటోలుంటయి అనుకుంటరు, సాయంత్రమైతే ఒక్కటీ దొరకకపోవచ్చు. అందుకని జంగాలపల్లిలోనే పోను, రాను, మధ్యలో ఒక గంటన్నర ఆగడానికి కలిపి ఆటో రేటు మాట్లాడుకుని, డబ్బులు మొత్తం తిరిగొచ్చాకే ఇవ్వాలి. కొంచెం ఎక్కువైనా సరే ములుగు బస్టాండ్ దాకా దింపమనడం బెస్ట్, క్రాస్ దగ్గర చీకట్లో చెయ్యెత్తితే నిండు బస్సు ఆపకుండానే పోతది. నాలుగింటికల్లా గుడి దగ్గర బయల్దేరితే నిమ్మళంగా హన్మకొండ చేరొచ్చు.

వచ్చేది మేడారం జాతర టైమ్‌లో అయితే మాత్రం (రెండేళ్లకోసారి, మాఘమాసంలో) ములుగు రోడ్డు వైపు అసలు పంపకండి. ఆ వారం కోట, వెయ్యి స్తంభాల గుడి, భద్రకాళి చూపించండి, ఇవి ఊళ్ళో ఆటోల మీదనే అయిపోతయి.