నల్లగొండ భజన మండలి కీబోర్డు: 9 వోల్టుల రౌటరు అడాప్టరు పెట్టినా వెలగడం లేదు

ధ్రువాలు (+, –) తారుమారై ఉంటాయి. అడాప్టరును ఊడదీయండి, మళ్లీ పెట్టి చూడకండి. సెల్స్‌తో వెలిగితే కీబోర్డు క్షేమమే.

1. కీబోర్డు మీద అడాప్టరు గుచ్చే సాకెట్ పక్కన చిన్న బొమ్మ ఉంటుంది: నడుమ చుక్క, చుట్టూ తెగిన వలయం, అటూ ఇటూ +, – గుర్తులు. చుక్క నుంచి వచ్చే గీత ఏ గుర్తును తాకుతోందో చూడండి. అడాప్టరు మీదా అదే ఉండాలి. పిన్ను పట్టిందని అందరూ వదిలేసేది ఇక్కడే! రౌటర్లకు సాధారణంగా నడుమ +, పాత కీబోర్డుల్లో చాలావాటికి నడుమ –. బొమ్మ అరిగిపోతే ఫోను టార్చిని ఏటవాలుగా పట్టండి.

2. కీబోర్డు మీద రాసినన్ని వోల్టులే అడాప్టరుకూ ఉండాలి. ఆంపియర్లు ఎక్కువైనా పరవాలేదు, తగ్గకూడదు.

3. ప్రకాశం బజారులో కొన్నా సరే, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు లేని అడాప్టరు వద్దు.