రోజుకి ఎన్ని గంటలు కూర్చోబెడితే పియానిస్ట్ అవుతాడు?

"మా అబ్బాయి కచేరీలిచ్చే పియానిస్ట్ అవుతానంటున్నాడు, రోజుకి ఎన్ని గంటలు సాధనకి కూర్చోబెట్టాలి?" అని అడిగారు. ఆ 'కూర్చోబెట్టాలి' దగ్గరే నాకు ఒళ్లు మండింది. కారణం చెబుతాను.

విశాఖలో ఇంటర్ చదివే రోజుల్లో నాకూ అదే పిచ్చి. ఇంట్లో కీబోర్డు, సాయంత్రం మా వీధి చివర చర్చిలో పాత పియానో. ఆ సముద్రపు గాలికి దాని తీగలు తుప్పుపట్టేవి, వానాకాలంలో సగం మెట్లు నొక్కితే పైకి లేచేవి కావు. వీణ వాయించేవాళ్లు తమ వీణ తాము పట్టుకెళ్తారు. పియానో వాయించేవాడు మాత్రం ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్లో ఉన్న డొక్కుదానితోనే కాపురం చెయ్యాలి. అందరూ హోరోవిట్జ్ అంత పేరుమోసిన పియానిస్టులు కారుగా, ఆయన 1986లో మాస్కో కచేరీకి సొంత పియానో తీసుకెళ్లినట్టు తీసుకెళ్లడానికి!

సరే, సంగతికొస్తాను. పియానో గ్రేడ్ పరీక్ష దగ్గరపడి రోజుకి ఆరేడు గంటలు వాయిస్తున్నాను. ఒకరోజు స్కేల్ (స్వరాల వరుస) వాయిస్తుంటే కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు వాటంతటవే అరచేతిలోకి ముడుచుకుపోయాయి. నొప్పి లేదు, వాపు లేదు. మాస్టారికి చెబితే "సాధన చాలట్లేదు, ఇంకో రెండు గంటలు పెంచు" అన్నారు. పెంచాను. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని పప్పూ నెయ్యీ కలుపుతున్నాను. అవే వేళ్లు, ఎంత హాయిగా కదులుతున్నాయో! అమ్మ చూసి "చెయ్యి లక్షణంగా ఉంది కదరా, ఈ వేషాలెందుకు?" అంది. చెయ్యి కడుక్కొచ్చి కీబోర్డు మీద పెట్టాను. మళ్లీ ముడుచుకున్నాయి. నాకే అనుమానం వచ్చింది, నిజంగానే వేషాలేస్తున్నానా అని.

దాని పేరు ఫోకల్ డిస్టోనియా అని చాలా ఏళ్లకి, లియాన్ ఫ్లైషర్ అనే అమెరికన్ పియానిస్ట్ గురించి చదివాక తెలిసింది. లోపం వేళ్లలో కాదు, వాటిని ఆడించే మెదడులో. అందుకే ఆ ఒక్క పని దగ్గరే మొరాయిస్తాయి. ఫ్లైషర్ మామూలు మనిషి కాదు. పదహారో ఏట న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో వాయించాడు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచాడు. జార్జ్ సెల్ నడిపే క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో బీతోవెన్ పియానో కాన్సెర్టోలు (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచనలు) ఐదూ రికార్డు చేశాడు. ఆ ఆర్కెస్ట్రాతో సోవియట్ యూనియన్ పర్యటనకి వెళ్లాల్సిన సమయంలో, 36వ ఏట, నాకు ముడుచుకున్న ఆ రెండు వేళ్లే ఆయనకీ ముడుచుకున్నాయి. ప్రయాణం పోయింది. ఆపైన దాదాపు 30 ఏళ్లు ఎడమ చేత్తోనే కచేరీలు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న పియానిస్ట్ పౌల్ విట్‌గెన్‌స్టీన్ కోసం ఫ్రెంచి స్వరకర్త రవెల్ ఒక్క ఎడమ చేతికే రాసిన కాన్సెర్టో ఉంది కాబట్టి సరిపోయింది. బాల్టిమోర్‌లో పాఠాలు చెప్పాడు, ఆర్కెస్ట్రాలు నడిపాడు. చివరికి ఆయన వేళ్లని తెరిపించింది ఏమిటో తెలుసా? సినిమావాళ్లు ముడతలు పోవడానికి వేయించుకునే బొటాక్స్! దాంతోపాటు కండరాలు సడలించే మసాజ్. 2004లో రెండు చేతులతో వాయించిన ఆల్బమ్ వచ్చింది. జబ్బు పూర్తిగా పోయిందని మాత్రం కాదు. 2020లో, 92 ఏళ్లకి పోయాడు.

డాక్టర్లు వంశపారంపర్యం, ఇంకోటి అని ఏవేవో కారణాలు చెబుతారు. నన్నడిగితే మాత్రం గంటల పిచ్చే. అతి సాధనే తన కొంప ముంచిందని ఫ్లైషర్ కూడా నమ్మాడు. మన దగ్గర ఇదంతా చెబితే ఎవరూ వినరు. కోచింగ్ సెంటర్ అలవాటు కదా, పొద్దున్నే నాలుగింటికి లేపితే ర్యాంకు వచ్చేస్తుందనుకుంటాం. పరీక్షకి మూడు పాటలు బట్టీ పట్టించి సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టిస్తాం. నాలుగో పాట ముందు పెట్టండి, పిల్లాడు బిక్కమొహం వేస్తాడు.

నేను ఆ పరీక్ష రాయలేదు, ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. రోజంతా టైపు చేసినా వేళ్లు ఏమీ అనవు. మీకు అంకె కావాలంటే రెండు గంటలు, మధ్యలో లేచి తిరగనివ్వండి. వాడు వాయిస్తున్నప్పుడు పక్కన కూర్చుని కుడిచేతి చివరి రెండు వేళ్లు గమనించండి. భోజనం దగ్గర చూసి చెయ్యి బాగానే ఉందనుకోకండి, మా అమ్మ అక్కడే పొరబడింది.