ఆ బి గ్రేడుల వెనక అమ్మ గొంతు

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఆరో తరగతికి, అంటే మిడిల్ స్కూలుకి వచ్చాడు. మూడో తరగతిలో పరీక్షలు చేసి డిస్‌లెక్సియా (అక్షరాలు, పదాలు చదవడంలో ఇబ్బంది) అన్నారు. అప్పట్నుంచీ ఐఈపీ, అంటే వాడికోసం స్కూల్లో రాసిన ప్రత్యేక బోధన ప్రణాళిక, ఉంది. ఎలిమెంటరీలో ఒక్కరే టీచరు, వీడి సంగతంతా ఆవిడకి తెలుసు. ఇప్పుడు ఆరుగురు. "అన్నిట్లో బి వస్తోంది కదా, ఐఈపీ తీసేసి 504 ప్లాన్ (క్లాసులో సర్దుబాట్లు ఇచ్చే ప్రణాళిక) పెడదాం. రిసోర్స్ పీరియడ్ (ప్రత్యేక సాయం అందే క్లాసు) ఉండదు కాబట్టి బ్యాండ్‌లో చేరొచ్చు" అంటున్నారు స్కూలు వాళ్లు. వీడికి ట్రంపెట్ అంటే ప్రాణం. మావారు సంతకం పెట్టేద్దామంటున్నారు. కానీ రోజూ రాత్రి సైన్సు, సోషల్ పాఠాలు నేను చదివి వినిపిస్తేనే హోంవర్క్ అవుతుంది. ఒక్కోరోజు పదకొండు దాటుతుంది. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, కాలిఫోర్నియా

జవాబు: సంతకం కాస్త ఆపండమ్మా. అసలు సంగతి మీరు చివర్లో రాశారు. ఆ బి గ్రేడుల్లో సగం మీ గొంతే. స్కూలు వాళ్లకి మార్కులు కనిపిస్తాయి గానీ, రాత్రి పదకొండు దాకా మీరు చదివి వినిపించడం కనిపించదు. నేనూ మిడిల్ స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్నే, ఆ మీటింగుల్లో బల్లకి అటువైపు కూర్చుంటాను. మన తెలుగు తల్లులు చాలామంది వచ్చి, అన్నిటికీ తలూపి, "అంతా బాగుందండీ, థాంక్యూ" అని వెళ్లిపోతారు. ఇంట్లో పడే పాట్లు బయటపెడితే బిడ్డను చులకన చేసినట్టవుతుందని వాళ్ల భయం. మీరు చెప్పకపోతే ఆ గదిలో ఇంకెవరికీ అది తెలిసే దారి లేదు.

అందుకని ఈ రాత్రి నుంచే ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, ఏ పాఠం, మీరు ఎన్ని పేజీలు చదివి వినిపించారు, వాడు సొంతంగా ఎన్ని చదివాడు, ఎంతసేపు పట్టింది. మధ్యమధ్యలో ఒక పేజీ పూర్తిగా వాడి చేతే చదివించి, ఎక్కడ ఆగిపోయాడో, చదివినదాంట్లో ఏం అర్థమైందో రాయండి. రెండు వారాలు రాస్తే చాలు. దాన్ని మీటింగుకి ముందే, స్కూల్లో మీవాడి ఐఈపీ చూసుకునే కేస్ మేనేజర్‌కి ఈమెయిల్ చేసి, ఐఈపీలో తల్లిదండ్రుల ఆందోళనలు రాసే చోట చేర్చమని అడగండి. ఐఈపీ రాసేటప్పుడు మీ ఆందోళనల్ని లెక్కలోకి తీసుకోవాలని చట్టమే చెబుతోంది. ఆ టీములో మీరూ సభ్యురాలే.

ఇక మార్కుల మాట. పిల్లాడు పాసవుతున్నాడు, పై తరగతికి వెళ్తున్నాడు అన్న ఒక్క కారణంతో స్పెషల్ ఎడ్యుకేషన్ అక్కర్లేదనడానికి వీల్లేదు. ఫెడరల్ నిబంధనల్లో ఆ మాట స్పష్టంగా ఉంది. పైగా, ఇక అర్హత లేదని తేల్చే ముందు స్కూలు మళ్లీ మూల్యాంకనం చేసి తీరాలి. మీవాడికి మూడో తరగతిలో పరీక్షలు చేశారంటే, మూడేళ్లకోసారి జరగాల్సిన పునఃపరీక్ష ఎలాగూ ఈ ఏడాదే వస్తుంది. కాబట్టి "ముందు పరీక్షలు చేయండి, ఆ తర్వాత నిర్ణయిద్దాం" అని రాతపూర్వకంగా అడగండి. నిమిషానికి ఎన్ని పదాలు తప్పుల్లేకుండా చదువుతున్నాడు, కొత్త పదాన్ని విడదీసి చదవగలుగుతున్నాడా, స్పెల్లింగ్ ఎలా ఉంది అన్నవి విడివిడిగా చూడమనండి. కాలిఫోర్నియాలో మీరు అడిగిన అయిదు పనిదినాల్లోపు స్కూలు రికార్డులు మీ చేతికివ్వాలి. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని మీటింగుకి వెళ్లండి. స్కూలు చేసిన పరీక్షలు మీకు సబబుగా అనిపించకపోతే, బయటి నిపుణులతో స్కూలు ఖర్చు మీద చేయించమని అడిగే హక్కూ ఉంది.

504 ప్లాన్ చెడ్డదేం కాదు. 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోంచి వచ్చింది. పరీక్షలో అదనపు సమయం, ఆడియో పుస్తకాలు, ముందు వరసలో సీటు లాంటి సర్దుబాట్లకు అది బాగా పనికొస్తుంది. చదవడం వచ్చి, కాస్త నెమ్మదిగా చదివే పిల్లలకి నేనూ దాన్నే సమర్థిస్తాను. కానీ చదవడాన్నే పద్ధతిగా, ప్రత్యేకంగా నేర్పించాల్సిన పిల్లాడికి ఆ బోధన, దానికో లక్ష్యం, ఎంతవరకు వచ్చిందో చెప్పే రిపోర్టు దొరికేది ఐఈపీలో. 2017లో అమెరికా సుప్రీంకోర్టు ఎండ్రూ ఎఫ్. కేసులో, నామమాత్రపు ఎదుగుదల చాలదు, ఆ పిల్లాడి పరిస్థితిని బట్టి తగిన ప్రగతి సాధించేలా ఐఈపీ ఉండాలని ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. మీవాడికి ఆ బోధన ఇంకా కావాలని పరీక్షల్లో తేలితే వదులుకోవద్దు.

బ్యాండ్ సంగతి నన్ను బాగా బాధపెట్టింది. పన్నెండేళ్ల పిల్లాణ్ణి "చదువు సాయం కావాలా, ట్రంపెట్ కావాలా" అని అడిగితే వాడేమంటాడు? రోజంతా అక్షరాలతో కుస్తీ పట్టేవాడికి, తాను బాగా చేయగలనని నమ్మకం కలిగే చోటు ఆ ఒక్క పీరియడే కావచ్చు. టైంటేబుల్ చిక్కుని వాడి సంగీతం తీసేసి విప్పకూడదు. రోజు విడిచి రోజు రిసోర్స్ పెట్టొచ్చా, మొదటి పీరియడ్‌కి ముందు వీలవుతుందా, అడ్వైజరీ (టీచరుతో మాట్లాడుకునే చిన్న పీరియడ్) సమయం వాడొచ్చా అని గట్టిగా అడగండి. అడిగినవాళ్లకి దారి దొరకడం నేను చూశాను.

మీటింగులోనే సంతకం పెట్టాలని లేదు. హాజరైనట్టు మాత్రం సంతకం చేసి, కాయితాలు ఇంటికి తెచ్చుకుని, మీవారితో కూర్చుని చదవండి. మీ రాష్ట్రంలో ఒప్పుకున్న భాగాలకి ఒప్పుకుని, మిగతావాటికి ఒప్పుకోలేదని రాయొచ్చు. వాళ్ల మాటలు వేగంగా వెళ్లిపోతాయనిపిస్తే తెలుగు దుబాసీని ముందుగా అడగండి, ఆ ఖర్చు స్కూలుదే. ఇరవైనాలుగు గంటల ముందు చెప్పి ఆడియో రికార్డు చేసుకోవచ్చు కూడా.

ఆరుగురు టీచర్ల విషయానికొస్తే, ఐఈపీలో తమ వంతు ఏమిటో ప్రతి ఒక్కరికీ తెలియజేయడం స్కూలు బాధ్యత. అయినా మీవాడి చేత ఒక్క పేజీ రాయించండి: నాకేం కష్టం, ఏం చేస్తే తేలికవుతుంది, అందరి ముందు నన్ను చదవమని అడగొద్దు. వాడు చెబుతుంటే మీరు టైప్ చేసినా సరే. మీటింగులో పది నిమిషాలు వాణ్ణీ కూర్చోబెట్టండి.

రాత్రి చదవడం మాత్రం కొంత తగ్గించుకోండి. బుక్‌షేర్ అనే ఆడియో, డిజిటల్ పుస్తకాల సేవ డిస్‌లెక్సియా ఉన్న విద్యార్థులకి ఈ దేశంలో ఉచితం. స్కూలు ద్వారా చేర్పించమనండి. మీకూ నిద్ర కావాలి.

ప్రశ్న: ఏడో తరగతి చదివే మా అమ్మాయికి ఏకాగ్రత లేదని, చదివింది గుర్తుండటం లేదని ఏడాదిగా చెబుతున్నాను. "ఇంకొన్నాళ్లు చూద్దాం" అంటున్నారు స్కూలు వాళ్లు.
- ఒక తండ్రి, టెక్సస్

జవాబు: నోటితో అడిగినదానికి గడువు ఉండదండీ. ఈరోజే స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టరుకి, ప్రిన్సిపాలుకి "మా అమ్మాయికి పూర్తి మూల్యాంకనం చేయండి" అని ఈమెయిల్ పంపండి. రాతపూర్వకంగా అడిగాక మీ రాష్ట్రంలో పదిహేను స్కూలు రోజుల్లో జవాబివ్వాలి. కాదంటే కారణాలతో రాసివ్వాలి. మీరు అనుమతి సంతకం చేశాక మామూలుగా నలభై అయిదు స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. తర్వాత జరిగే ఐఈపీ మీటింగును అక్కడ ఏఆర్‌డీ అంటారు, కంగారుపడకండి. ప్రతి రాష్ట్రంలోనూ ఫెడరల్ నిధులతో నడిచే తల్లిదండ్రుల శిక్షణ, సమాచార కేంద్రం కనీసం ఒకటి ఉంటుంది. మీ ఈమెయిల్ ఎలా రాయాలన్నా ఉచితంగా సాయం చేస్తారు.

ప్రశ్న: పాపకి చదువులో ఇబ్బంది ఉంది కాబట్టి ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని తెలిసినవాళ్లు చెప్పారు. మానేయాలా?
- ఒక అమ్మమ్మ, న్యూజెర్సీ

జవాబు: మానకండమ్మా. రెండు భాషలు వినడం వల్ల డిస్‌లెక్సియా రాదు, ఒకటి మానేస్తే పోదు. పరీక్షలు చేసేటప్పుడు మాత్రం ఇంట్లో తెలుగు మాట్లాడతామని తప్పకుండా చెప్పండి. భాష తేడాని లోపంగా లెక్కగట్టకుండా చూడటం వాళ్ల బాధ్యత. మీరు పాపకి రాత్రిపూట కథలు చెబుతుంటే అలాగే చెప్పండి. చెప్పాక, వాళ్లమ్మకి ఆ కథ తిరిగి చెప్పమనండి. కథని వరసగా గుర్తుపెట్టుకుని చెప్పడం అలవాటైతే రేపు చదివినదాన్ని అర్థం చేసుకోవడానికీ అది అక్కరకొస్తుంది.