మా చర్చికి వీల్‌చైర్‌లో ఒక అబ్బాయి కొత్తగా వస్తున్నాడు, క్రైస్తవులుగా ఎలా మెలగాలి?

జాలి చూపిస్తే నొచ్చుకుంటాడేమో, ఊరుకుంటే పట్టించుకోలేదనుకుంటాడేమో అని టెన్షన్‌గా ఉందన్నారు. మా చెల్లికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. నడవలేదు, మాట కాస్త ముద్దగా వస్తుంది. పశ్చిమ గోదావరిలో ఓ చిన్న సంఘంలో పెరిగాం. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

అతనికి ఏం కావాలో ముందు అతన్నే అడగండి, వెంట వచ్చిన వాళ్ళమ్మను కాదు. బర్తిమయి గుడ్డివాడని యెరికో దారిలో అందరికీ తెలుసు. అయినా యేసు ప్రభువు "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడిగాడు (మార్కు 10). మనవాళ్ళు అడగరు, తలమీద చెయ్యి వేసి కాళ్ళ కోసం ప్రార్థన మొదలుపెట్టేస్తారు. ఒకసారి మా చెల్లి ప్రార్థన మనవి డిగ్రీలో మిగిలిపోయిన స్టాటిస్టిక్స్ పేపర్ గురించి. అది చెప్పే సందు కూడా ఇవ్వకుండా కాళ్ళ గురించే పావుగంట ప్రార్థించారు. ఇంటికొచ్చి పడీపడీ నవ్వింది.

స్వస్థత నేనూ నమ్ముతాను. కానీ ఒక కూటంలో ప్రసంగీకుడు మైకులోనే మా అమ్మను "ఏ పాపం దాచారమ్మా?" అని అడిగాడు. అమ్మ చాన్నాళ్ళు ఏ కూటానికీ వెళ్ళలేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు వేసిన ప్రశ్నా అదే. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని ప్రభువు అక్కడే తేల్చేశాడు (యోహాను 9). మార్కు 7లో చెవిటివాణ్ణి జనంలోంచి పక్కకు తీసుకెళ్ళి మరీ బాగుచేశాడు. అందుకే అతను కోరితే తప్ప స్టేజీ మీదికి పిలవకండి. "విశ్వాసం చాల్లేదు" అనే మాట అసలే వద్దు. పౌలు ముమ్మారు వేడుకున్నా అతని శరీరంలో ముల్లులా ఉన్న బాధ పోలేదు, పౌలును ఎవరూ అలా అనరు కదా!

ఇక కూర్చునే చోటు. మాది చాపల మీద కూర్చునే సంఘం. చెల్లి కుర్చీని గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన పెట్టించేవారు. పాస్టరమ్మగారు ఒకనాడు మూడో వరుసలో ఒక చాప తీయించి, కుర్చీని ఆడవాళ్ళ మధ్యకు తెప్పించారు. ప్రభురాత్రి భోజన సంస్కారమప్పుడు పాస్టరయ్యగారు చెల్లి గిన్నె సగమే నింపుతారు, చెయ్యి వణికినా ఒలకదు. క్రిస్మస్‌కి వాక్యం అప్పజెప్పేటప్పుడు మధ్యలో ఎంతసేపు ఆగినా సండే స్కూల్ టీచర్ మైకు పట్టుకునే నిలబడ్డారు, మాట అందివ్వలేదు. మాకు అదే పెద్ద కానుక.

రెండు కాళ్ళూ కుంటివైన సౌలు మనవడు మెఫీబోషెతు గురించి చెప్పేవాళ్ళంతా దావీదు అతన్ని తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడని చెబుతారు. సౌలు భూములన్నీ తిరిగి ఇప్పించాడన్న ముక్క తక్కువ వినిపిస్తుంది (2 సమూయేలు 9). ఈ రోజుల్లో అదెలా ఉంటుందంటే, సదరం సర్టిఫికెట్ లేకపోతే స్లాట్ బుక్ చేయించడం, ఆ రోజు ఆటో మాట్లాడి ఆసుపత్రికి తోడు వెళ్ళడం. కనీసం 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ వస్తేనే పింఛనుకు దారి. మాకు సంఘంలో ఒక అన్న పొద్దున్నించీ క్యూలో నిలబడ్డాడు. ఆయన పెద్దగా ప్రార్థన చేయగా నేనెప్పుడూ వినలేదు.

అన్నట్టు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజంలాంటివీ ఉన్నాయి, పైకి కనిపించవు. అలాంటి పిల్లాడు చెవులు మూసుకుని అరిస్తే తల్లి వైపు గుర్రుగా చూడకండి, సౌండ్ బాక్స్ తగ్గించండి. మన చర్చిల్లో అది ఎలాగూ కాస్త ఎక్కువే.

మీకు మెట్లున్నాయో లేదో రాయలేదు. ఉంటే మాత్రం కుర్చీతో సహా ఎత్తి లోపలికి తీసుకెళ్ళడం అలవాటు చేయకండి. అందరూ చూస్తుండగా గాల్లోకి లేవడం మా చెల్లికి ఎంత చిరాకో! అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున ర్యాంప్ కట్టించండి. అంత స్థలం లేకపోతే ఒకే మెట్టున్న పక్క తలుపేదైనా ఉందేమో చూసి, అటు గట్టి చెక్క పలక వేయించండి. ర్యాంప్‌కి మేస్త్రీని పురమాయించే ముందు అదే వాలులో చెక్క పలక వేసి, అతన్నే ఒకసారి ఎక్కి చూడమనండి, వాలు సరిపోయిందో లేదో చక్రం తిప్పేవాడికే తెలుస్తుంది.